మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’ సింగిల్ రివ్యూ: కొట్టమని కాదు, తప్పుకోమని

ఈ పాట పేరు చూసి ‘కొట్టు’ అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. అనుకోకుండా ఎలా ఉంటాం, ఆ గిటార్ ఆ డ్రమ్స్ వింటుంటే ఎవరో చొక్కా చేతులు మడుచుకుని మీదకొస్తున్నట్టే ఉంటుంది. తీరా ఒకరోజు కూర్చుని మాటల మీద మనసు పెట్టి వింటే అర్థం మొత్తం తిరగబడిపోయింది. అమెరికా వీధుల భాషలో ‘బీట్ ఇట్’ అంటే ‘ఇక్కడ్నుంచి వెళ్లిపో, తప్పుకో’ అని. కొట్టమని కాదు, కొట్టుకునే చోట నిలబడొద్దని. ఎవరిది రైటో ఎవరిది తప్పో తేల్చుకోవడం కన్నా ప్రాణాలతో బయటపడటం ముఖ్యం అంటాడు మైకేల్ జాక్సన్ అందులో. అది తెలిశాక మళ్లీ మొదట్నుంచి వింటే ఒళ్లు జలదరించింది, ఇంత కోపంగా ఉన్న మ్యూజిక్ మీద ఇంత భయం గురించి పాడటం ఏంటి అని. అప్పట్నుంచి ఈ సింగిల్‌ని, అంటే విడిగా రికార్డుగా వచ్చిన ఈ పాటని, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఎన్నాళ్లనుంచో దీని గురించి రాయాలని ఉంది, ఇప్పుడు కుదిరింది.

నేను చెప్పేది మొత్తం ‘థ్రిల్లర్’ ఆల్బమ్ గురించి కాదు, ఈ ఒక్క సింగిల్ గురించే. ఆల్బమ్ 1982 నవంబర్ చివర్లో వచ్చింది, అందులోంచి మూడో సింగిల్‌గా ఎపిక్ కంపెనీ దీన్ని 1983 ఫిబ్రవరి 14న రిలీజ్ చేసింది. 7 అంగుళాల 45 రికార్డు (నిమిషానికి 45 సార్లు తిరిగేది), ఒకవైపు ఇది, అమెరికా ప్రెస్సింగ్‌లో రెండోవైపు 1979 ఆల్బమ్ ‘ఆఫ్ ద వాల్’ లోని ‘గెట్ ఆన్ ద ఫ్లోర్’. రెండోవైపు పాట మంచి డిస్కో పాటే గానీ ఈ రికార్డు కొన్నవాళ్లు దానికోసం కొనలేదు, కాబట్టి దాని సంగతి ఇంతటితో ఆపేస్తా. 4 నిమిషాల 18 సెకన్ల పాట ఇది.

మొదలవ్వడమే గంట మోగినట్టు మొదలవుతుంది. గుళ్లో గంట కాదు, పెద్ద ఇనప రేకుని ఖాళీ గోడౌన్లో మోగించినట్టు, చల్లగా, కాస్త భయపెట్టేలా. అది సింక్లావియర్ అనే డిజిటల్ సింథసైజర్ సౌండు. ఆ మెషిన్ ఏమేం చేయగలదో చూపించడానికి వేసిన డెమో రికార్డులో దాదాపు ఇదే ముక్క అంతకు ముందే ఉంది, అక్కడ్నుంచే ఇక్కడికి వచ్చింది. ఆ సంగతి తెలిశాక కొంతమంది ‘ఓహ్, అరువు తెచ్చారా’ అని పెదవి విరుస్తారు, నాకు మాత్రం అలా అనిపించలేదు, ఎందుకంటే డెమో రికార్డులో అది ఒక మెషిన్ శాంపిల్, ఇక్కడ అది రాత్రిపూట ఖాళీ వీధి. పక్కన ఏం పెట్టారన్నదాన్ని బట్టి ఒకే సౌండు అంత మారిపోతుంది. తర్వాత డ్రమ్స్ వస్తాయి, తర్వాత ఆ గిటార్ రిఫ్, అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క, ఒకసారి వింటే మర్చిపోవడం అంటూ ఉండదు. గమనించండి, అర నిమిషం దాటినా ఇంకా గొంతు వినిపించదు. ఒక పాప్ స్టార్ సింగిల్‌లో రేడియో వాళ్లు గొంతు కోసం అంతసేపు ఆగాలంటే ఆ రిఫ్ మీద ఎంత నమ్మకం ఉండాలి.

గొంతు మొదలయ్యాక నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. చాలామంది ఈ పాట అనగానే గిటార్ సోలో గురించే మాట్లాడతారు, నేనూ దాని దగ్గరికి వస్తా, కానీ నా లెక్కలో ఈ రికార్డుకి ప్రాణం ఆ గొంతే. అతను రాక్ సింగర్లలాగా అరవడు. గరగరలాడే గొంతు పెట్టడు, ధైర్యం నటించడు. పళ్లు బిగబట్టుకుని, ఊపిరి కొంచెం తక్కువైనట్టు, ఒక్కో మాటనీ కోసి విసిరినట్టు పాడతాడు, లైన్ చివర్లో ఆ చిన్న ఎగశ్వాసలు వింటే పరిగెత్తుకొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాడిలా ఉంటుంది. వినేవాడికి సలహా చెప్తున్నాడా, తనకి తనే చెప్పుకుంటున్నాడా అన్నది తేలదు, అదే నాకు నచ్చింది. కోరస్ దగ్గరికి వచ్చేసరికి అతని గొంతే మీద మీద పొరలుగా పడి ఒక గుంపు అయిపోతుంది, కానీ ఆ గుంపు కూడా కొట్టు కొట్టు అనడం లేదు, పో పో అంటోంది. చిన్నప్పట్నుంచి అన్నదమ్ములతో స్టేజీల మీద పెరిగిన మనిషికి గొంతుల్ని ఇలా పేర్చడం ఎవరూ నేర్పక్కర్లేదు అనుకోండి.

అసలీ పాట ఎలా పుట్టిందంటే ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్‌కి ఆల్బమ్‌లో ఒక రాక్ పాట కావాలి, అప్పట్లో పెద్ద హిట్ అయిన ‘మై షరోనా’ తరహాలో ఒకటి పడాలన్నది ఆయన ఆలోచన. మైకేల్‌కి కూడా తను షాపుకెళ్లి కొనుక్కునేలాంటి రాక్ పాట రాయాలని, అలాగని అప్పుడు రేడియోలో వస్తున్న రాక్‌లాగా మాత్రం ఉండకూడదని పట్టుదల. అతను పాటలు రాసే పద్ధతి కూడా వేరు, పేపర్ మీద నోట్స్ రాసుకోవడం కాదు, బేస్ ఎలా ఉండాలో గిటార్ ఎలా ఉండాలో అన్నీ నోటితోనే పాడి టేపులో పెట్టేవాడు, ఆ తర్వాత వాయించేవాళ్లు దాన్ని వాయించాలి. రిఫ్ నోట్లోంచి పుట్టింది కాబట్టే అది మనం కూడా పాడుకోగలిగేలా ఉందని నా నమ్మకం. వేళ్ల లోంచి పుట్టిన రిఫ్‌లు బాగుంటాయి గానీ వాటిని మనం నోటితో అనలేం, ఇది మాత్రం గిటార్ పట్టుకోవడం రానివాళ్లు కూడా అంటారు.

ఇక ఎడ్డీ వాన్ హేలెన్. అప్పటికి అమెరికాలో గిటార్ అంటే ఆయనే, వాన్ హేలెన్ బ్యాండ్ అంటే స్టేడియాలు నిండేవి. క్విన్సీ జోన్స్ ఫోన్ చేస్తే ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని మొదట తిట్టి పెట్టేశాడని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తర్వాత వచ్చాడు, పాట విన్నాడు, సోలో పెట్టాల్సిన చోట కింద నడుస్తున్న కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు) తనకి కుదరట్లేదని ఇంజనీర్‌తో టేపు కోయించి వేరే భాగం అక్కడ అతికించమన్నాడు, ఆ తర్వాత రెండు సోలోలు వాయించాడు. మైకేల్ వచ్చి విన్నాడు. పాట యజమానిని అడక్కుండా పాటని మార్చేశారు కదా, ఎవరైనా మండిపడొచ్చు, అతనేమో ఊరికే వచ్చి వాయించి వెళ్లిపోకుండా పాట బాగుపడాలని ఇంత పట్టించుకున్నందుకు సంతోషపడ్డాడట. ఎడ్డీ దీనికి డబ్బులు కూడా తీసుకోలేదు, చేసిపెట్టాడు అంతే. ఆ కొద్దిసేపటి పని గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా మాట్లాడుకుంటున్నాం.

ఆ సోలో మూడో నిమిషం దగ్గర పడుతుండగా వస్తుంది, గట్టిగా అర నిమిషం. దానికి ముందు తలుపు తట్టినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది, ఫోన్ స్పీకర్లో వినేవాళ్లకి అది దొరకదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. తర్వాత రెండు చేతుల వేళ్లతో ఫ్రెట్‌బోర్డు మీద కొట్టే ట్యాపింగ్, తీగని లాగి అరిపించడం, ట్రెమొలో బార్‌తో (తీగల బిగువు మార్చే కడ్డీ) స్వరాన్ని లోయలోకి జార్చడం, ఎడ్డీ దగ్గరున్న విద్యంతా ఆ అర నిమిషంలో ఉంది. చాలా పాప్ పాటల్లో గిటార్ సోలో అతికించినట్టు ఉంటుంది, పెద్ద పేరున్న మనిషిని పిలిచాం కాబట్టి కాసేపు చోటిచ్చాం అన్నట్టు. ఇక్కడ అలా కాదు. పాట మొత్తం ‘గొడవ రాబోతోంది, తప్పుకో’ అంటూ ఉంటుంది కదా, ఆ రాబోయే గొడవ ఈ సోలోలో నిజంగా వచ్చేస్తుంది. గొంతు అక్కడ లేదు, తప్పుకుంది. కత్తులు తీసింది గిటార్ ఒక్కటే. సోలో అయిపోగానే మళ్లీ అదే గొంతు తిరిగొచ్చి అదే మాట అంటుంది, కానీ ఈసారి దాని బరువు వేరు. నాకు ఈ పాట ఇలా వినిపించడం మొదలయ్యాక ఆ సోలోని విడిగా వినడం మానేశాను, విడిగా వింటే అది గొప్ప గిటార్ ముక్క అంతే, పాటలో వింటే అది ఒక సంఘటన.

ఈ సోలో వల్ల స్టూడియోలో ఒక పెద్ద చిక్కొచ్చింది, దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. టేపు కోసి అతికించడంతో రెండు టేప్ మెషిన్లని కలిపి నడిపే టైమ్ కోడ్ దెబ్బతింది, అంటే ఒక టేపులో ఉన్నది రెండో టేపులో ఉన్నదానితో ఇక కలవదు. మిగిలింది మైకేల్ గొంతు, ఎడ్డీ సోలో, ఇంకా మైకేల్ డ్రమ్ పెట్టె మీద కొట్టిన దరువు. ఆల్బమ్ క్రెడిట్స్‌లో మైకేల్ పేరు పక్కన డ్రమ్ కేస్ బీటర్ అని నిజంగానే ఉంటుంది. ఇప్పుడు వాటి చుట్టూ పాటని మళ్లీ కట్టాలి. మామూలుగా డ్రమ్స్ ముందు పడతాయి, వాటి మీద మిగతావి కూర్చుంటాయి. ఇక్కడ ఇల్లు కట్టేసి పునాది తర్వాత వేసినట్టు, పాడేసిన గొంతుకీ వాయించేసిన సోలోకీ డ్రమ్స్‌ని సరిపెట్టాలి. ఆ పని చేసింది టోటో బ్యాండ్ డ్రమ్మర్ జెఫ్ పోర్కారో, గిటారిస్టు స్టీవ్ లుకాథర్. పోర్కారో ముందు కర్రలతో కొట్టి తనకో క్లిక్ (లయ తప్పకుండా వినే టిక్ టిక్ చప్పుడు) తయారు చేసుకుని, దాని మీద డ్రమ్స్ వాయించాడు. ఆ డ్రమ్స్ వింటే ఒక్కచోట కూడా వెతుక్కుంటున్నట్టు ఉండదు, కళ్లు మూసుకుని నడుచుకుంటూ పోయినట్టు ఉంటుంది. రిఫ్ వాయించింది లుకాథర్, బేస్ కూడా ఆయనే. సోలో పేరు ఎడ్డీకి వెళ్లిపోవడంతో పాట మొత్తం నడిపిన ఈ గిటార్ ఎవరిదో చాలామందికి తెలీదు, అందుకే ఆ పేరు ఇక్కడ ఇంత గట్టిగా చెప్తున్నా.

లుకాథర్ మొదట పెద్ద మార్షల్ ఆంప్స్ (గిటార్ సౌండు పెంచే పెట్టెలు) పెట్టి నాలుగు పొరలుగా భారీగా వాయించాడట. క్విన్సీ జోన్స్ విని ఇది మరీ మెటల్ అయిపోయింది, ఇలా ఉంటే నల్లవాళ్ల సంగీతం వేసే ఆర్ అండ్ బి స్టేషన్లు వెయ్యవు, తగ్గించు అన్నాడు. అప్పుడు చిన్న ఫెండర్ ఆంప్ పెట్టి, డిస్టార్షన్ తగ్గించి మళ్లీ వాయించాడు. ఈ సింగిల్ చార్టుల్లో చేసినదానికి అసలు కారణం నా ఉద్దేశంలో ఈ ఒక్క నిర్ణయం. తగ్గించమన్నాడు అంటే చప్పగా చెయ్యమన్నాడని కాదు. గిటార్ సౌండు సన్నబడేసరికి ప్రతి నోటు స్పష్టంగా తెలుస్తోంది, మధ్యలో గాలి ఆడుతోంది, ఆ గాలిలో డాన్స్ బీట్ వినిపిస్తోంది. రాక్ వినేవాడు గిటార్ విని నాదే అనుకున్నాడు, డాన్స్ చేసేవాడు కింద దరువు విని నాదే అనుకున్నాడు. అందరికీ నచ్చేలా చేద్దాం అని మొదలుపెట్టిన పనులు ఎక్కువగా ఎవరికీ గట్టిగా నచ్చకుండా పోతుంటాయి, ఇక్కడ మాత్రం ఇద్దరికీ నిఖార్సైన సరుకే ఇచ్చారు, ఎవరికీ సగం వాటా ఇవ్వలేదు.

అప్పటి అమెరికా రేడియో ఎలా ఉండేదో తెలిస్తేనే ఇదెంత పెద్ద విషయమో అర్థమవుతుంది. స్టేషన్లు రంగుల వారీగా విడిపోయి ఉండేవి అన్నా తప్పులేదు, 1979లో డిస్కో మీద వచ్చిన వ్యతిరేకత తర్వాత రాక్ స్టేషన్లు నల్లవాళ్ల పాటలు దాదాపు మానేశాయి, 1981 ఆగస్టు 1న మొదలైన, మ్యూజిక్ వీడియోలు వేసే టీవీ ఛానల్ ఎంటీవీ కూడా రాక్ ఛానల్ అనే పేరుతో మొదట్లో అదే దారిలో నడిచింది. అలాంటి గోడ మధ్యలోకి వెళ్లింది ఈ పాట. గోడకి తల కొట్టుకోలేదు, అవతలివైపు వాళ్లకి బాగా తెలిసిన గిటార్ చేతిలో పట్టుకుని తలుపు తీయించుకుంది.

ఇప్పుడు చార్టు సంగతి, ఇది తేదీలతో సహా చూస్తేనే మజా. ‘బిల్లీ జీన్’ 1983 మార్చి 5 చార్టు నుంచి ఏడు వారాలు అమెరికా పాటల ర్యాంకుల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ 1. ఏప్రిల్ 23 చార్టులో డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ వాళ్ల ‘కమ్ ఆన్ ఐలీన్’ ఒక్క వారం మధ్యలో దూరింది. ఏప్రిల్ 30న ‘బీట్ ఇట్’ పైకెక్కింది, మే 7, మే 14 కూడా అక్కడే, మొత్తం మూడు వారాలు. మే 21న డేవిడ్ బోవీ ‘లెట్స్ డాన్స్’ వచ్చి దించింది. అంటే ఒక్క వారం తేడాతో పది వారాలు ఒకే మనిషి రెండు పాటలతో పైన కూర్చున్నాడు. ఈ రెండూ ఒకే సమయంలో టాప్ 5లో కూడా ఉన్నాయి. మామూలుగా కంపెనీలు ఒక సింగిల్ దిగేదాకా ఇంకోటి వదలవు, ఒకదాని అమ్మకాలు ఇంకోటి తినేస్తుందని భయం. ఇక్కడ ‘బిల్లీ జీన్’ ఇంకా పైకి పోతుండగానే దీన్ని వదిలారు. ఆ రెండూ ఒకదాన్నొకటి తినకపోవడానికి కారణం కూడా నాకు ఇదే అనిపిస్తుంది, ఆ పాట వినే చెవి వేరు, ఈ పాట వినే చెవి వేరు, రెండు చెవులూ ఒకే మనిషికి ఉన్నా సరే.

ఇంకో విషయం, అప్పటి హాట్ 100 ఇప్పటిలా స్ట్రీమింగ్ నంబర్లతో తయారయ్యేది కాదు. రికార్డు షాపులు మా దగ్గర ఏవి బాగా పోతున్నాయో ఇవీ అని రిపోర్ట్ చేసేవి, రేడియో స్టేషన్లు ఏం వేస్తున్నాయో లిస్టులు ఇచ్చేవి, రెండూ కలిపి చార్టు వేసేవాళ్లు. బార్‌కోడ్ లెక్కలు వచ్చింది 1991లో. కాబట్టి పాట పైకెక్కాలంటే జనం లేచి షాపుకెళ్లి ఆ రికార్డు కొనాలి, పైగా రేడియో వాళ్లకి కూడా నచ్చాలి. అందుకే ఆ నంబర్ 1కి నా దృష్టిలో బరువెక్కువ. ఆర్ అండ్ బి వాళ్ల చార్టులోనూ ఇది నంబర్ 1 అయింది, రాక్ ట్రాక్స్ చార్టులో 14 దాకా వెళ్లింది. 14 పెద్ద గొప్ప నంబరేం కాదు కదా అనొచ్చు, కానీ ఆ లిస్టులోకి నల్లజాతి గాయకుడు అడుగుపెట్టడమే అరుదు ఆ రోజుల్లో. బ్రిటన్‌లో 3 దగ్గర ఆగింది. ‘థ్రిల్లర్’ నుంచి ఏడు సింగిల్స్ వచ్చాయి, ఏడూ అమెరికా టాప్ 10లోకి వెళ్లాయి, నంబర్ 1 అయినవి మాత్రం ‘బిల్లీ జీన్’, ‘బీట్ ఇట్’ రెండే.

వీడియో గురించి చెప్పకుండా ఈ సింగిల్ రివ్యూ పూర్తవ్వదు, ఎందుకంటే 1983లో దీన్ని చాలామంది చెవులతో కంటే ముందు కళ్లతో విన్నారు. మార్చి 31న ఎంటీవీలో మొదటిసారి వేశారు. డైరెక్టర్ బాబ్ జిరాల్డి, డాన్సులు మైకేల్ పీటర్స్. కంపెనీ డబ్బు పెట్టనంటే మైకేల్ తన జేబులోంచి దాదాపు 1,50,000 డాలర్లు పెట్టాడు. లాస్ ఏంజెలెస్ స్కిడ్ రో ఏరియాలో షూటింగ్, డాన్సర్లతో పాటు నిజంగా గ్యాంగుల్లో తిరిగేవాళ్లని దాదాపు 80 మందిని తెచ్చి పెట్టారు, అదీ ఒకరంటే ఒకరికి పడని గ్యాంగుల వాళ్లు. ఎర్ర జాకెట్ గురించి అందరికీ తెలుసు, నేను చూడమనేది వేరే చోటు. సోలో వచ్చినప్పుడు ఇద్దరు నాయకులు చేతులు ఒకదానికొకటి కట్టుకుని, రెండో చేత్తో కత్తులు పట్టుకుని తిరుగుతుంటారు, తెల్ల జాకెట్లో ఉన్నది మైకేల్ పీటర్సే, రెండోవాడు విన్సెంట్ ప్యాటర్సన్. సోలో అయిపోయే టైముకి మైకేల్ మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ విడదీస్తాడు, అక్కడ్నుంచి అందరూ కలిసి ఒకే స్టెప్. సోలో అంటే గొడవే అని నేను పైన అన్నది నా ఊహ ఒక్కటే కాదని ఇది చూసినప్పుడు అనిపించింది.

కాకపోతే వీడియోకీ పాటకీ ఒక తేడా ఉంది, నాకు అది ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది. పాటలో అతను తప్పుకోమంటాడు, వీడియోలో తనే గొడవ మధ్యలోకి వెళ్లి ఆపుతాడు. వీడియోలో హీరో, పాటలో భయపడ్డ కుర్రాడు. జనానికి గుర్తుండిపోయింది హీరో. నాకు మాత్రం పాటలోని కుర్రాడే నిజం అనిపిస్తాడు, ఎందుకంటే కత్తులు తీసిన చోట డాన్స్ చేస్తే గొడవలు ఆగవు, వెళ్లిపోతే మాత్రం ఒక ప్రాణం మిగులుతుంది. మగాడివైతే నిలబడు అనే మాట విని పోయిన పిల్లలు ఎంతమందో. పారిపోవడం కూడా మగతనమే అని ఇంత పెద్ద స్టార్ ఇంత పెద్ద గిటార్ పెట్టి చెప్పడం చిన్న విషయం కాదు.

1984 ఫిబ్రవరి 28న గ్రామీ సంగీత అవార్డుల్లో ఈ సింగిల్‌కి రికార్డ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది, మగ రాక్ గాయకుల అవార్డు కూడా దీనికే. అదే రాత్రి పాప్ గాయకుడి అవార్డు ‘థ్రిల్లర్’ పాటకి, ఆర్ అండ్ బి గాయకుడి అవార్డు ‘బిల్లీ జీన్’కి, అంటే మూడు వేర్వేరు గదుల్లో మూడు కుర్చీలూ ఒక్క మనిషివే. ఆ ఏడాదే వాన్ హేలెన్ ఆల్బమ్ ‘1984’ నంబర్ 2 దగ్గర ఆగిపోయింది, పైన నంబర్ 1లో అడ్డంగా ఉన్నది ‘థ్రిల్లర్’, ఎడ్డీ డబ్బు తీసుకోకుండా వాయించిపెట్టిన ఆల్బమే. అయినా 1984 జూలైలో జాక్సన్ అన్నదమ్ముల విక్టరీ టూర్ టెక్సస్ వచ్చినప్పుడు ఎడ్డీ స్టేజీ ఎక్కి ఈ సోలో వాయించాడు, అందుకే ఆ మనిషంటే నాకు ఇంకా ఇష్టం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివరి నిమిషం సాగుతుంది. సోలో తర్వాత కొత్తగా ఏమీ రాదు, కోరస్ తిరుగుతూ తిరుగుతూ మెల్లగా సౌండు తగ్గిపోతుంది. ఇంత పదునైన పాట ఒక్కసారిగా తెగిపోయినట్టు ఆగి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటా ప్రతిసారీ. స్టేజీ మీద వాయించినప్పుడు ఆగక తప్పదు కదా, అప్పుడు విన్న ముగింపులే నాకు ఎక్కువ తృప్తినిచ్చాయి. రెండోది, రెండో చరణం మొదటిదాని కంటే కొత్తగా చెప్పేది తక్కువ, కథ ముందుకి కదలదు. గొంతు మోసుకుపోతుంది కాబట్టి చెల్లింది.

ఏ వెర్షన్ వినాలి అని అడిగేవాళ్లకి, ఆల్బమ్‌లో ఉన్న అసలు వెర్షనే వినండి. 2008లో 25 ఏళ్ల ఎడిషన్ వచ్చినప్పుడు ఫెర్గీతో కలిపి ఒక రీమిక్స్ పెట్టారు, ఫెర్గీ మంచి సింగరే, కానీ ఆ రీమిక్స్‌లో భయం ఎగిరిపోయింది, పార్టీ మిగిలింది, నేను రెండోసారి పెట్టలేదు. రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకి పాత 45 మంచి కండిషన్లో దొరికితే వదలొద్దు. ఆల్బమ్ మొత్తం ఉండే పెద్ద రికార్డు, అంటే ఎల్‌పీలో ఒక్కో వైపు ఎక్కువ పాటలు ఇరికిస్తే గాడులు సన్నబడి సౌండు పలచబడుతుంది, ‘థ్రిల్లర్’ విషయంలో సరిగ్గా ఇదే జరిగి, మొదట చేసిన మిక్స్ డిస్క్ మీద విని అందరూ నీరసపడిపోయి, చివరి నిమిషంలో పాటలు కుదించి ఆల్బమ్ మొత్తం మళ్లీ మిక్స్ చేశారు. ఇంజనీర్ బ్రూస్ స్వీడీన్ పని ఎలాంటిదో ఆ రెండో మిక్స్ వింటే తెలుస్తుంది. 45లో అయితే ఒక వైపు ఒకటే పాట, వేగం కూడా ఎక్కువ, ఆ డ్రమ్స్ గుండె మీద పడతాయి. రికార్డు ప్లేయర్ లేకపోయినా ఫర్వాలేదు, మంచి హెడ్‌ఫోన్స్ చాలు. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, బేస్ మొత్తం పోతుంది, లుకాథర్ కష్టం సగం కనిపించదు.

నా రేటింగ్ 5కి 4.5, ఆ అర మార్కు చివర్లో సౌండు తగ్గించుకుంటూ పోయినందుకే.

ఇంకొకటి, పాట బాగా తెలిసినవాళ్లు దీని డెమో కూడా వెతుక్కుని వినండి, 2009లో ‘దిస్ ఈజ్ ఇట్’ ఆల్బమ్‌తో పాటు బయటికొచ్చింది. అందులో ఎడ్డీ లేడు, పోర్కారో లేడు, రిఫ్ లేదు, గంట లేదు. మైకేల్ ఒక్కడే తన గొంతు మీద తన గొంతు పేర్చుకుంటూ పాడుతుంటాడు, అంతే. వాయిద్యం ఒక్కటి కూడా లేకుండానే ఆ ఆయాసం, ఆ తొందర, వెనక ఎవరో వస్తున్నారన్న ఆ బెదురు, అన్నీ అప్పటికే ఉన్నాయి.